మెత్తగా దిగిన పైపు

మా అత్తమ్మ మీద నాకు కోపం పోలేదు. ఆమెకూ నా మీద పోలేదు. మొన్న ఫోన్ చేసి, పిల్ల ఎట్లుందని కాదు, డబ్బా ఎప్పుడు తెస్తావని అడిగింది. పదిహేను కిలోల నూనె డబ్బా అది. గొర్రెలకు పెట్టే ఉప్పు అందులో పోసుకునేది. ఇప్పుడది మహబూబ్‌నగర్‌లో మా సార్ ల్యాబ్‌లో, తడి గుడ్డ కింద, మా ఊరి చెరువు మట్టితో ఉంది. నా నౌకరీ నిలిచేదీ, నా బిడ్డ నా దగ్గర ఉండేదీ దాన్ని బట్టే. అది అక్కడికి ఎట్లా చేరిందో, పిల్ల పడుకున్నాక కొంచెం కొంచెంగా రాస్తున్నాను.

నేను నల్లగొండలో పుట్టాను. మాదీ గొర్రెలు కాసిన కుటుంబమే. కానీ మా బాపు బడిపంతులు అయ్యాక మా ఇంట్లో గొర్రెల ముచ్చట వినబడలేదు. భూగర్భశాస్త్రం చదివి, మక్తల్ దగ్గరి ఊరికి కోడలిగా వెళ్లాను. అక్కడ ఇంటి వెనకే మంద. మొదటి వారంలోనే అత్తమ్మ తట్ట నా చేతికిచ్చి, "గొర్ల పెంట ఎత్తుడు నేర్పలేదా కాలేజీల?" అంది. నేను కొంగుతో ముక్కు మూసుకున్నాను. ఆమె చూసింది. ఆ చూపు ఇప్పటికీ మారలేదు.

నా భర్త కొత్తకోట వైపు రోడ్డు పనుల్లో టిప్పర్ నడుపుతాడు. నెలలో ఎక్కువ రోజులు బండి మీదే. పిల్లకు ఏడో నెల వచ్చాక నాకు మహబూబ్‌నగర్‌లో ఒక కాలేజీ సార్ దగ్గర ప్రాజెక్టులో పని దొరికింది. ఒక గది కిరాయికి తీసుకున్నాను. పగలు పిల్లను పక్కింటామె చూసుకునేది.

పని ఏమిటంటే, పాత చెరువుల అడుగున పేరుకున్న మట్టి పొరలు చూసి, ఈ మెట్ట నేలలో ఎప్పుడు వానలు బాగా పడ్డాయో, ఎప్పుడు కరువు వచ్చిందో తేల్చడం. చెరువులో ఏటా ఏదో ఒకటి అడుగుకు దిగుతుంది. పెద్ద వరద వచ్చిన ఏడు ముతక ఇసుక, దాని మీద సన్నని బంకమన్ను. చెరువు ఎండిన ఏడు పాలిపోయిన పొర, పగుళ్లు, తెల్లని సున్నపు గుల్లలు. నీళ్లు ఏళ్ల తరబడి నిలిచిన కాలంలో నల్లని మెత్తని మట్టి. ప్లాస్టిక్ పైపును నిలువుగా దిగగొట్టి బయటికి లాగి, నిలువునా చీలిస్తే ఈ పొరలన్నీ వరుసగా కనిపిస్తాయి. పై పొర ఈ మధ్యది, కింది పొర ముత్తాతల నాటిది.

తొందర ఎందుకంటే, తెలంగాణ వచ్చాక చెరువుల్లో పూడిక తీసి పొలాలకు తోలడం మొదలైంది. రైతులకు మంచిదే. కానీ మేం చూడాల్సిన పొరలు ట్రాక్టర్లలో వెళ్లిపోతున్నాయి. మా అత్తగారి ఊరి చెరువు వంతు ఆ ఎండాకాలం చివర అని తెలిసింది. నన్ను పనిలోకి తీసుకునేటప్పుడు సార్ అడిగాడు, "ఆ చెరువు నీకు తెలుసా అమ్మా?"

"మా ఊరే సార్. అడుగడుగూ తెలుసు" అన్నాను.

నేను ఆ చెరువును చూసింది ఒక్కసారి, కట్ట మీది నుంచి. బతుకమ్మను వదలడానికి పోయినప్పుడు. లోపల అడుగు పెట్టింది లేదు.

మాఘమాసంలో పిల్లకు రెండుసార్లు జ్వరం వచ్చింది. రెండోసారి దవాఖానలో ఉంచుకున్నారు. అత్తమ్మ పొద్దున బస్సుకు దిగి, మంచం పక్కన నిలబడి, డాక్టరు వినేటట్టు అంది. "ఇగో, గిట్లయితదని నేను జెప్పలే? పరాయిదాని చేతుల వెట్టి మట్టి వడపోయనీకి పోతది ఈమె. పిల్లను నాకియ్యి. నేను సాకుత."

"నా పిల్లను నేను సాకలేనా?"

"ఏడ సాకుతున్నవ్? పక్కింటామె సాకుతాంది."

 ఆ మాట మీది కోపం ఇంకా ఉంది. ఆ సాయంత్రం నా భర్త ఫోన్‌లో తీర్పు చెప్పాడు. "వానలు వడ్డదాక చూద్దాం. నౌకరి పక్కా అయితె నువ్వు గాడనే ఉండు, పిల్ల నీ దగ్గరనే. కాకుంటె రూము ఖాళీ చేసి ఊరికి పో. ఇగ రోజు నాకు పంచాయితి చెప్పకుండ్రి ఇద్దరు." ఊరికి పోవడమంటే ఏమిటో నాకు తెలుసు. ఆ ఇంట్లో పిల్ల ఆమెది అవుతుంది, నేను పెంట ఎత్తుతాను.

పైపు దించే రోజు ఎండ మాడుస్తోంది. సార్ ఇంకో చెరువు దగ్గరికి వెళ్లాడు. "మీ ఊరే కదా, నువ్వు చూసుకో. కట్టకు దూరంగా, నడిమధ్యన తీయండి" అని చెప్పాడు. ఊళ్లో ఇద్దరు మనుషులను కూలికి మాట్లాడాను. పక్కింటామె ఆ రోజు పెళ్లికి పోయింది కాబట్టి పిల్లను వెంట తెచ్చాను. అత్తమ్మ పిల్లను చంకనేసుకుని కట్ట వారన తుమ్మచెట్టు నీడలో కూర్చుంది. మంద ఆమె చుట్టూ పడుకుంది.

చెరువు అడుగు బీటలు వారి ఉంది. మొదటి చోట పైపు రెండు జానలు దిగి ఆగిపోయింది. సమ్మెట దెబ్బకు పైపు మూతి పగిలింది. రెండో చోటా అంతే. కూలివాళ్లు చెమట తుడుచుకుంటూ నా వైపు చూస్తున్నారు. పిల్ల పాలకు ఏడుస్తోంది. ఆ ఏడుపు చెరువంతా వినబడుతోంది. పాలు చేపి నా జాకెట్టు తడిసిపోయింది. అప్పుడు అత్తమ్మ కూర్చున్న చోటు నుంచే చెయ్యి చాపి అరిచింది.

"గా ఎర్రరాయి దిక్కు పోండ్రి. గాడ మెత్తగుంటది. జల్ది దిగుతది."

కూలివాళ్లలో పెద్దాయన నవ్వాడు. ఎందుకు నవ్వాడో అడగాల్సింది. అడగలేదు. ఎర్రరాయి దగ్గర పైపు వెన్నలో దిగినట్టు దిగింది. మనిషి లోతు మట్టి బయటికి వచ్చింది. మధ్యాహ్నం కాకముందే పని అయిపోయింది. మెత్తగా దిగే చోట ఏదో ఉంటుందని చదువుకున్నదాన్ని నాకు తెలియాలి. నాకు ఆ క్షణంలో పిల్ల ఏడుపు ఆగడమే కావాలి.

ల్యాబ్‌లో పైపు చీల్చగానే సార్ దాని మీదికి వంగాడు. పైన సన్నని పొరలు, అడుగున పాలిపోయిన మట్టి, మధ్యలో రెండు మూరల మందాన ఒకే రంగు నల్లమట్టి. గీత లేదు, పగులు లేదు. "చూశావా, చెరువు ఎండకుండా ఏళ్లకేళ్లు నిండుగా ఉంటే తప్ప ఇంత పొర రాదు. ఈ ప్రాంతంలో అట్లాంటి తడి కాలం ఒకటి ఉందని ఎవరూ చెప్పలేదు" అన్నాడు. నా వైపు తిరిగి, "నిన్ను ఇంకో రెండేళ్లు ఉంచుకోవడానికి రాస్తాను" అన్నాడు.

ఆ వారమే, ఆ నల్లమట్టి అడుగు నుంచి తీసిన ముద్దను జల్లెడలో కడుగుతుంటే ఒక దారం తేలింది. నీలం రంగు నైలాన్ పోగు, నా వేలంత పొడుగు. గొర్రె పెంటికలు కూడా చాలా తేలాయి. నైలాన్ దారం మనిషి లోతున, ముత్తాతల నాటి మట్టిలో ఉండదు. నాకు తెలుసు. పైపు దిగేటప్పుడు పై నుంచి లోపలికి జారి ఉంటుందని నాకు నేను చెప్పుకున్నాను. దారాన్ని కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేశాను. నోటుబుక్కులో పెంటికల సంగతి రాశాను, దారం సంగతి రాయలేదు.

తర్వాత ఊరికి పోయినప్పుడు అత్తమ్మకు నేనే చెప్పాను. చెప్పకుండా ఉండలేకపోయాను. ఆమె ఒక గొర్రెను కాళ్ల మధ్య ఇరికించుకుని, కడుపులో పురుగులు పోవడానికి నట్టల మందు తాపుతోంది.

"ఇంకో రెండేండ్లు ఉంచుకుంటరట అత్తమ్మా నన్ను."

"ఏం జేసినవని?"

"మనం తీసిన మట్టిల మంచి పొర దొరికింది. రెండు మూరలు. శానేండ్లు చెరువు ఎండకుంట ఉన్నదని తెలుస్తది దాంతోని."

ఆమె గొర్రె దవడ వదిలేసింది. నవ్వు మొదట ముక్కులో వచ్చింది. "గీ చెరువా? ఎండకుంట ఉన్నదా? ఎవరే చెప్పింది, నీ సారా?" ఇంకో గొర్రెను లాక్కుని, దాని నోట్లో సీసా పెట్టి, తీరిగ్గా చెప్పింది. "నువ్వు పైపు దించింది నా చెలమల."

ఎండిన చెరువు అడుగున నీటి ఊట కోసం తవ్వే గుంతను చెలమ అంటారు. మా నల్లగొండలోనూ తవ్వుతారు. ఆ మాట వినగానే నాకు నీలం దారం కళ్ల ముందుకు వచ్చింది.

"నీ మొగుడు నా కడుపుల ఉన్నప్పుడు తవ్విన. ఊళ్ల బాయిలన్ని ఎండె. నేను, మా అత్త, ఇద్దరమే. మనిషి లోతు పొయినంక ఇన్ని నీళ్లు వచ్చినయి. మందంత గా నీళ్లకే బతికింది. ఒకనాడు నీలం తాడు తెగి బక్కెట గా గుంతలనే పాయె. మల్ల ఏడు వానలు వడ్డయి, గుంత బురదతోని నిండె. గదే నీ మంచి పొర."

"ఆనాడు ఎందుకు చెప్పలే?"

"నువ్వెప్పుడు అడిగినవ్? మెత్తగుంటదన్న. మెత్తగ లేకుండెనా?"

 ఆమె మందు సీసా కడిగి బోర్లించింది. అప్పుడు గొంతు తగ్గించింది. "నీ సారుకు ఎవరు చెప్తరు? నేను చెప్ప. పిల్లను తీస్కొచ్చి గీ వానకాలం మూడు నెలలు ఈడ ఇడువు. నీ నౌకరి నువ్వు చేస్కో. ఎవరి నోరు వాళ్ల దగ్గర ఉంటది."

తిరుగు బస్సులో పిల్ల నా ఒళ్లో నిద్రపోయింది. నేను కిటికీ చువ్వ పట్టుకుని లెక్కలు వేసుకున్నాను. నోరు మూసుకుంటే నౌకరీ ఉంటుంది. కానీ ఆమె ఎప్పుడు పిల్లను అడిగినా ఇవ్వాలి. ఈ మూడు నెలలు, తర్వాత ఇంకో ఆరు, తర్వాత బడి. నేను నిజం చెప్పింది నిజం మీద ప్రేమతో కాదు. ఆమె గుప్పిట్లో ఏమీ లేకుండా చేయాలని.

చెలమ సంగతి, తెగిన తాడు సంగతి అంతా సార్ విన్నాడు. గోడకు అంటించిన మా పొరల బొమ్మ వైపు చూస్తూ అడిగాడు.

"కడిగేటప్పుడు ఆ తాడు దారం ఏమైనా దొరికిందా?"

"దొరికింది సార్."

"ఎప్పుడు?"

"అప్పుడే. కడిగిన వారమే."

"అడుగడుగూ తెలుసన్నావు కదమ్మా." బొమ్మను గోడ మీది నుంచి తీసి, మడిచి, సొరుగులో పెట్టాడు. ఇంకో చోట తీద్దామా అని అడిగాను. "ఎక్కడ? జేసీబీలు దిగాయట కదా మీ ఊళ్లో" అన్నాడు. పనికి రావద్దని చెప్పలేదు. రమ్మనీ చెప్పలేదు. ఆ నెలాఖరుతో నా నౌకరీ కాగితం గడువు తీరుతుంది, కొత్త కాగితం రాదు, అంతే అర్థమైంది.

నా భర్తకు చెప్పాను. "మరి ఊరికి పో" అన్నాడు. పిల్లనూ ఒక సంచినీ తీసుకుని పోయాను. గది మాత్రం ఖాళీ చేయలేదు, సామాను తర్వాత తెస్తానని చెప్పాను. అత్తమ్మకు సంగతి తెలిసి నన్ను తల నుంచి కాళ్ల దాకా చూసింది. "నోరు మూస్కుంటె పొయ్యేది గదనే. నీ అంత పిచ్చిది ఉన్నదా?" అని పిల్లను తీసుకుంది. పిల్ల ఆమె మెడలో పూసలు పట్టుకుని నవ్వింది. అదీ నేను చూడాల్సి వచ్చింది.

మూడో రోజు మధ్యాహ్నం మందను నీళ్లకు కట్ట అవతలి బోరు దగ్గరికి తోలుతూ కట్ట మీదికి పోయాను. జేసీబీ చెరువు నడుమ, ఎర్రరాయి పక్కన పెద్ద గుంత తోడింది. గుంత గోడ కత్తితో కోసినట్టు నిలువుగా ఉంది. దూరం నుంచే కనబడింది నల్లని చెలమ, నోరు వెడల్పుగా, అడుగు సన్నగా. దానికి రెండు పక్కలా పొరలు, ఒకదాని మీద ఒకటి, తెల్లవి, బూడిదవి, ఎర్రవి, ఎవరూ ముట్టనివి. మందను అక్కడే వదిలేసి ఇంటికి పరుగెత్తాను. కొడవలి తీసుకున్నాను. లోతైన డబ్బా ఏదైనా కావాలి. మూలన అత్తమ్మ ఉప్పు డబ్బా కనిపించింది. ఉప్పును గోనెసంచిలో కుమ్మరించి, డబ్బా ఒక పక్క రేకును కోసి తీసేశాను.

ట్రాక్టర్ల దగ్గర మగవాళ్లు అన్నం తింటున్నారు. "అక్కా, గోడకు ముగ్గేస్తున్నవా?" అని ఒకడు. "అలుకు గూడ చల్లు అక్కా" అని ఇంకొకడు. జేసీబీ నడిపేవాడు, తిన్నాక ఆ గోడ పడగొట్టేస్తానని చెప్పాడు. చెలమకు మూరెడు దూరంలో గోడను కొడవలితో గీకి సాపు చేశాను. కోసిన పక్కను గోడకు ఆనించి, డబ్బాను రాయితో కొట్టి లోపలికి దించాను. చుట్టూ మట్టి తవ్వి, వెనక నుంచి కోసి, నిండు డబ్బాను ఒళ్లో పడేసుకున్నాను. నా అరచేతులు రేకుకు తెగాయి.

అత్తమ్మ కట్ట మీద పిల్లతో నిలబడి ఉంది. "నా డబ్బా" అంది. అంతే.

సార్‌కు ఫోన్ చేశాను.  "పొరలు చెదరలేదు కదా? తడి ఆరనివ్వకు. తెస్తే చూస్తా. చూస్తా అంటున్నా, ఇంకేం మాట ఇవ్వను" అన్నాడు.

మర్నాడు పొద్దున అరుగు మీద డబ్బా, పక్కన పిల్ల. ఊరి నుంచి బస్సు ఆగే రోడ్డుకు అరగంట నడక. అటు పోయే ఆటో ఏదీ లేదు. ఆకాశం నైరుతి మూల నల్లబడింది.

"పిల్లను ఈడ ఇడిసి డబ్బా తీస్కపో. లేదంటె డబ్బా ఇడిసి పిల్లను తీస్కపో. రెండు మొయ్యలేవు నువ్వు" అంది అత్తమ్మ.

"జర నెత్తికెత్తు అత్తమ్మా." నెత్తి మీదికి బరువు ఎత్తడానికి ఇంకో మనిషి కావాలి. ఆ ఊళ్లో శత్రువు అడిగినా ఎత్తుతారు.

ఆమె రెండు చేతులూ నడుము మీద పెట్టుకుంది.

పిల్లను పాత చీరతో వీపుకు కట్టుకున్నాను. అరుగు కిందికి దిగి, మోకాళ్లు వంచి, తల మీద గుడ్డ చుట్ట పెట్టుకుని, డబ్బాను అరుగు అంచు నుంచి తల మీదికి జరుపుకున్నాను. మెడ విరిగిందనుకున్నాను. లేచి నిలబడడానికి ఎంతసేపు పట్టిందో తెలియదు.  నాలుగు అడుగులు వేశాక వెనక నుంచి, "సక్కగ సూడు. కిందికి సూస్తె పడతవ్" అని వినబడింది. ప్రేమతో చెప్పిందో, డబ్బా సొట్ట పడుతుందని చెప్పిందో నాకు తెలియదు. చక్కగా ముందుకే చూశాను.

సార్ డబ్బాలో మట్టిని తీగతో సాపు చేసి, భూతద్దంతో గంటసేపు చూశాడు. పొరలు వెంట్రుకల్లా సన్నగా ఉన్నాయి. పై నుంచి జానెడు కింద ఒక పాలిపోయిన గీత, గోరంత మందం, నిండా తొక్కిన గొర్రె పెంటికలు. ఆ ఏడు మందంతా చెలమ చుట్టూ నిలబడిందన్నమాట. "ఇది ఏ కాలందో తెలిస్తే పైనా కిందా లెక్క కట్టొచ్చు" అన్నాడు. నా భర్త పుట్టిన ఏడు అని చెప్పాను. "ఎవరు చెప్పారు?"

"ఊళ్లో వాళ్లు."

ఒక్క డబ్బాతో చెరువు కథ తేలదని అంటూనే, మూడు నెలల కాగితం ఇచ్చాడు. రెండేళ్లది కాదు. మూడు నెలల తర్వాత ఏమిటో నాకూ తెలియదు. నా భర్త, సరే చూద్దాం అన్నాడు. పిల్ల నా పక్కలోనే పడుకుంటోంది. రాత్రి రెండుసార్లు లేచి ఒళ్లు వెచ్చగా ఉందేమో చూస్తాను.

నివేదికలో ఆ గీత పక్కన స్థానికుల సమాచారం అని రాశాను. ఆ చెలమ తవ్విన మనిషి పేరు రాయలేదు. రాయాలా అని సార్ అడగలేదు, నేనూ ఆమెను అడగలేదు. డబ్బా విషయం మాత్రం ఫోన్‌లో చెప్పాను, మట్టి అయిపోయాక తెస్తానని.

"ఎప్పుడైతది?"

"తెల్వదు అత్తమ్మా."

"ఉప్పు తడుస్తున్నది ఈడ. వానలు షురువైనయి" అని పెట్టేసింది.